వేలు చూపిస్తే వేలినే చూస్తాడు

ప్రశ్న: మా బాబుకి 3 ఏళ్ళ 4 నెలలు. ఏడు నెలల కిందట ఆటిజం అని చెప్పారు. మాటలు పదో పన్నెండో ఉన్నాయి. మొహంలోకి చూడడు. ఏదైనా వేలితో చూపిస్తే నా వేలినే చూస్తాడు. కావలసినది ఉంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి దానిమీద పెడతాడు. తప్పు చేసినప్పుడు గుడ్లురిమి చూసినా చలనం ఉండదు, ఒక్కోసారి నవ్వుతాడు. మొండి అంటారు మా అత్తగారు. నేను రోజూ వంటింటి కిటికీలోంచి కాకిని చూపించి 'కాకి' అని చెబుతుంటే, వాడు కిటికీ పక్కనున్న స్విచ్చుబోర్డుని 'కాకి' అంటున్నాడు. థెరపీలో చిప్స్ ముక్క కళ్ళ మధ్య పెట్టుకుని 'లుక్ ఎట్ మి' అని రోజుకి ఇరవై సార్లు చేయిస్తున్నారు, ఇంట్లోనూ చేయమన్నారు. చేస్తే ఏడుస్తాడు. కళ్ళలోకి చూడటం వస్తే మాటలు వస్తాయా? నేను ఫోన్ ఇవ్వడం వల్లే ఇలా అయ్యాడా? మా చిన్నపాపకి 10 నెలలు, దానికీ వస్తుందేమోనని భయంగా ఉంది.
— ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఆ కాకి. దాన్ని విప్పి చూస్తే మిగతా ప్రశ్నలకు దారి దొరుకుతుంది.

మీరు కాకిని చూస్తూ 'కాకి' అన్నప్పుడు బాబు చూపు స్విచ్చుబోర్డు మీద ఉంది. మాట చెవిన పడింది, ఆ క్షణాన కంటి ఎదుట ఏదుందో దానికే అతుక్కుంది. మామూలుగా ఏడాదిన్నర దాటిన పిల్లలు ఈ పొరపాటు చెయ్యరు. కొత్తమాట వినగానే తలెత్తి, అన్నవాళ్ళ కళ్ళు ఎటున్నాయో చూసి, తామూ అటు తిరిగి, అక్కడున్న వస్తువుకి ఆ పేరు పెట్టుకుంటారు. సైమన్ బారన్-కోహెన్, డేర్ బాల్డ్విన్, మేరీ క్రౌసన్ అనే పరిశోధకులు దీన్ని ఆటిజం ఉన్న పిల్లల్లో పరీక్షించి 1997లో ఫలితాలు వేశారు. పిల్లాడు ఒక కొత్త బొమ్మని చూస్తుంటాడు. పెద్దవాళ్ళు ఇంకో కొత్త బొమ్మ వైపు చూస్తూ, ఎప్పుడూ వినని పేరు ఒకటి పలుకుతారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆ పేరుని తాము చూస్తున్న బొమ్మకే పెట్టుకున్నారు. మీ ఇంట్లో జరిగింది అచ్చం ఇదే. బాబుకి మాట పట్టుకోవడం వచ్చు, గుర్తు పెట్టుకోవడం వచ్చు. తప్పింది ఆ మాట చేరాల్సిన చిరునామా ఒక్కటే.

కాబట్టి మీరు అడిగిన 'కళ్ళలోకి చూడటం వస్తే మాటలు వస్తాయా' అన్నదాన్ని కాస్త మార్చి అడగాలి. 'చూపు' అని మనం ఒకే మాట అంటాం కానీ ఇందులో మూడు పనులున్నాయి. ఒకటి, కళ్ళూ కళ్ళూ కలవడం. రెండు, ఎదుటివాళ్ళు ఎటు చూస్తున్నారో అటు చూడటం. మూడు, తనకి నచ్చిన దాన్ని ఎదుటివాళ్ళకి చూపించి, వాళ్ళూ చూశారా లేదా అని మొహంలోకి ఓసారి చూసుకోవడం. ఈ రెండూ మూడూ కలిపి థెరపీ వాళ్ళు జాయింట్ అటెన్షన్ అంటారు. మాటలకి దగ్గరి చుట్టరికం దీనితోనే. బాబు మీ కళ్ళలోకి ఐదు సెకన్లు తదేకంగా చూసినా, ఆ కళ్ళు కాకి వైపు తిరిగినప్పుడు తానూ తిరక్కపోతే స్విచ్చుబోర్డు 'కాకి'గానే ఉండిపోతుంది.

మరి చూపు ఎటుందో వాడికి తెలియదా? తెలుసు, లేదా త్వరలో తెలుస్తుంది. వయసుకి తగినన్ని మాటలు లేని ఆటిజం పిల్లల్ని 'ఆవిడ దేన్ని చూస్తోంది?' అని నేరుగా అడిగితే సరిగ్గానే చెప్పినట్టు 1990లలోనే సూ లీకమ్ బృందం చూపించింది. కానీ అదే పిల్లల ఎదుట కూర్చుని ఏమీ అడక్కుండా తల పక్కకి తిప్పితే, చాలామంది అటు తిరగలేదు. కంప్యూటర్ తెరమీద మొహం బొమ్మ కళ్ళు కుడివైపుకి తిప్పితే చూపు ఠక్కున కుడికి వెళ్ళడం కూడా ఆటిజం పిల్లలు చాలామందిలో కనిపించింది. చూపు ఎటుందో తెలియకపోవడం కాదు. 'అమ్మ అటు చూసిందంటే అక్కడేదో ఉంది, నేనూ చూడాలి' అన్న తోపు లోపలి నుంచి రాకపోవడం. మనం ఇంట్లో చెయ్యగలిగింది ఆ తోపుని పుట్టించడం. మీ చూపు ఎటు పోతే అటు ఏదో ఒక మంచి సంగతి ఉంటుందని వాడికి వందల సార్లు అనుభవంలోకి రావాలి.

ఇప్పుడు ఆ చిప్స్ ముక్క. కళ్ళ మధ్య పెట్టిన చిప్స్‌ని చూసే పిల్లాడు చూస్తున్నది చిప్స్‌ని. నాలుగు రోజులకి వాడు నేర్చుకునేది, 'లుక్ ఎట్ మి' అనగానే నుదుటి వైపు ఒక క్షణం మొహం తిప్పితే తిండి వస్తుందని. ముక్క తీసేస్తే చూపూ పోతుంది. ఇంకో నష్టం, మీ మొహం వాడికి పరీక్షహాలు అయిపోతుంది. ఏడుస్తున్నాడంటే అప్పుడే అయింది కూడా. గడ్డం పట్టుకుని మొహం తిప్పడం అంతకన్నా చెడ్డది, ఎవరు చెప్పినా చెయ్యకండి. ఈ పద్ధతి ఇంకా ఎందుకు నడుస్తోందంటే, మన దగ్గర వైకల్య సర్టిఫికెట్ కోసం ఆటిజం తీవ్రతని కొలిచే ఐఎస్ఏఏ అనే పట్టికలో 40 అంశాలుంటే మొట్టమొదటిదే కళ్ళలోకి సరిగా చూడకపోవడం. లక్షణాన్ని గుర్తుపట్టడానికి రాసుకున్న మాట కాస్తా చికిత్స లక్ష్యమై కూర్చుంది. థర్మామీటర్‌ని చన్నీళ్ళలో ముంచితే జ్వరం తగ్గదు కదా.

ఎదుటి కళ్ళు ఈ పిల్లల్ని నిజంగా బాధపెడతాయా అన్నదానికి ఒకే జవాబు లేదు. 2017లో నూషీన్ హజీఖానీ బృందం, ఆటిజం ఉన్నవారికి మొహాల వీడియోలు చూపిస్తూ, చూపు కళ్ళ దగ్గరే నిలిచేలా చేసి స్కాన్ తీసింది. మెదడు లోపలి పొరల్లో, భయానికీ అప్రమత్తతకీ సంబంధించిన భాగాలు మితిమీరి పనిచెయ్యడం కనిపించింది. 'కళ్ళలోకి చూస్తే మాట వినపడదు, మాట వినాలంటే కళ్ళు తిప్పుకోవాలి' అని ఆటిజం ఉన్న పెద్దలు చాలామంది చెప్పే మాటకి ఇది దగ్గరగా ఉంది. అదే ఏడాది అమెరికాలోని అట్లాంటాలో వారెన్ జోన్స్, అమీ క్లిన్‌లతో కలిసి జెన్నిఫర్ మోరియుచి రెండేళ్ళ పిల్లల్ని చూస్తే కథ వేరుగా ఉంది. కళ్ళ దగ్గరకి చూపు రప్పించినప్పుడు వాళ్ళు మిగతా పిల్లలకన్నా ముందుగా మొహం తిప్పుకోలేదు. భయపడలేదు, ఆ కళ్ళకి ప్రత్యేకమైన విలువ మాత్రం ఇవ్వలేదు. చిన్నతనంలో పట్టింపు లేకపోవడం, పెద్దయ్యేకొద్దీ బలవంతాల వల్లో ఒత్తిడి వల్లో బాధగా మారడం, రెండూ జరుగుతుండవచ్చు. మీ బాబు సంగతి మీ బాబుని చూసే తెలుసుకోవాలి. దగ్గరికి వెళ్ళగానే కళ్ళు గట్టిగా మూసుకోవడం, చెవులు మూసుకోవడం, మొహం రుద్దుకోవడం, వెనక్కి జరగడం ఉంటే అది 'చాలు' అన్న మాట. వెంటనే ఒక మూర వెనక్కి జరగండి, పక్కపక్కన కూర్చోండి.

ఆటలు మొదలుపెట్టేముందు రెండు పరీక్షలు ఇంకా చేయించకపోతే చేయించండి. వినికిడికి బెరా అనే పరీక్ష. కంటికి, చుక్కలు వేసి చేసే పరీక్ష. కంటి కొసల నుంచి చూసే అలవాటు ఆటిజంలో మామూలే కానీ, దాని వెనక మెల్లో, సైటో దాక్కుని ఉంటే రెండు మీటర్ల అవతల మీరు చూపించే వస్తువు వాడికి మసకగా కనిపిస్తుంటుంది. అప్పుడు ఏ ఆటా పారదు.

కూర్చునే తీరు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. బాబుని చిన్న పీట మీద కూర్చోబెట్టి మీరు ఎదురుగా నేలమీద, చేతికి అందేంత దూరంలో కూర్చోండి. మీ కళ్ళు వాడి కళ్ళ ఎత్తులోనో, కాస్త కిందో ఉండాలి. కిటికీ మీ వీపు వెనక ఉండకూడదు. వెలుతురు వెనక నుంచి వస్తే మీ మొహం చీకటి ముద్దలా కనిపిస్తుంది. మనిషి కంట్లో నల్లగుడ్డు చుట్టూ తెలుపు బాగా కనపడటం వల్లే చూపు ఎటుందో ఎదుటివాళ్ళకి తెలుస్తుంది. ఆ తెలుపు మీద వెలుగు పడకపోతే మీరెంత కళ్ళు తిప్పినా వృథా. కళ్ళద్దాలుంటే ట్యూబులైటు వాటిలో మెరవకుండా చూసుకోండి. టీవీ కట్టెయ్యండి. ఫ్యాను తిరుగుతుంటే వాడి చూపంతా దానిమీదే ఉంటే, ఆ పది నిమిషాలు దాన్నీ ఆపండి. రోజుకి మూడుసార్లు, పదేసి నిమిషాలు చాలు. ఆకలి మీద, నిద్ర మీద వద్దు.

మొదటి రెండు వారాలు బాబుని మీ చూపు వెంట రమ్మనకండి, మీరే వాడి చూపు వెంట వెళ్ళండి. వాడి కళ్ళు ఎక్కడున్నాయో చూడండి, ఆ వస్తువుకే పేరు చెప్పండి. స్విచ్చుని చూస్తుంటే 'స్విచ్చు'. కారు చక్రం తిప్పుతుంటే 'చక్రం... తిరిగింది'. ఒకటి రెండు మాటలే, చెప్పి ఊరుకోవాలి. 'అదేంటి? చెప్పు? రంగేంటి?' అన్న ప్రశ్నలు వద్దు. మీరు మాట చెప్పగానే మనసులో పది లెక్కపెట్టండి. మొదట్లో ఆ పది అంకెలు గంటలా అనిపిస్తాయి, మధ్యలో మాట్లాడెయ్యాలనిపిస్తుంది. ఈ పిల్లలకి విన్నదాన్నీ చూసినదాన్నీ కలుపుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది, మీరు ఏడో అంకె దగ్గర ఇంకో మాట అంటే వాడి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 'కాకి' గొడవ కూడా ఇక్కడే తీరుతుంది. 'కాదు, అది కాకి కాదు' అని దిద్దకండి. స్విచ్చుబోర్డు దగ్గరకి ఎత్తుకెళ్ళి, వాడు చూస్తుండగా తట్టి, 'స్విచ్చు' అనండి, వేసి ఆర్పండి. కాకి సంగతి, అది పిట్టగోడ మీద రెండు మీటర్లలో వాలి, అన్నం మెతుకులు తింటూ ఉండగా, వాడి కళ్ళు దానిమీద పడిన క్షణాన అందుకోండి. అప్పటిదాకా ఆ మాట పలక్కండి.

గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో జరిగిన పాస్ అనే పరిశోధన 2016లో అచ్చయింది. ప్రత్యేక డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలే ఇళ్ళకి వెళ్ళి, తల్లీబిడ్డా ఆడుకుంటుండగా వీడియో తీసి, దాన్ని తల్లితో కలిసి చూస్తూ మాట్లాడారు. ఆరు నెలల్లో 12 సార్లు. తల్లులు బిడ్డ ధ్యాసని అందుకుని మాట్లాడటం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. మీరూ ఫోన్‌ని ఒక డబ్బాకి ఆనించి పది నిమిషాలు రికార్డు చేసి, రాత్రి బాబు పడుకున్నాక చూడండి. మీరన్న ప్రతి మాటకీ, ఆ క్షణాన వాడి కళ్ళు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గీత పెట్టుకోండి. వస్తువు మీదే ఉంటే ఒక వైపు, వేరే ఎక్కడో ఉంటే ఇంకో వైపు. మొదటి రోజు రెండో వైపే గీతలు నిండిపోతే కంగారు పడకండి, ఎవరింట్లోనైనా అలాగే ఉంటుంది.

మూడో వారం నుంచి మీ చూపు వెంట తీసుకెళ్ళే పని. ఇక్కడ వేలి సంగతి చెప్పాలి. బాబు వేలినే ఎందుకు చూస్తాడంటే, వేలు దగ్గరగా ఉంది, కదులుతోంది, వెనక గాజులు గలగలమంటున్నాయి. అవతల మూడు మీటర్ల దూరంలో ఉన్న వస్తువు కదలదు, మెదలదు. వేలి కొస నుంచి ఒక గీత గాలిలో సాగి ఆ వస్తువుని తాకుతుందన్న ఊహ వాడికింకా లేదు. కాబట్టి గాజులు తీసి పక్కన పెట్టి, వేలికీ వస్తువుకీ మధ్య ఖాళీ లేకుండా మొదలుపెట్టండి. బొమ్మల పుస్తకంలో బొమ్మని వేలితో టకటకమని తట్టి, మీరూ తలవంచి దాన్నే చూడండి. వాడు చూడగానే పేరు. అయిదింటికి నాలుగుసార్లు వస్తే, అదీ వరసగా రెండు రోజులు వస్తే, వేలిని బొమ్మకి నాలుగు వేళ్ళ ఎడంలో ఆపండి. తర్వాత జానెడు. తర్వాత చాప అవతలి కొసన ఉన్న వస్తువు, అంటే మీటరు దూరం. ఆ తర్వాతే గదిలో రెండు మూడు మీటర్ల అవతల. అన్నీ వాడి ఎదుటనే, కుడీ ఎడమా మార్చి మార్చి. వీపు వెనక ఉన్నదాన్ని చూడటం మామూలు పిల్లల్లో కూడా చివరికే వస్తుంది, దానికి తొందరపడకండి. అన్నం పెడుతూ చందమామని చూపించడం మనకి అలవాటు కానీ, వేలి పాఠాల్లో అంతకన్నా కష్టమైనది లేదు. దూరానికి దూరం, పైకి చూడాలి, అందదు, చప్పుడు చెయ్యదు. చందమామని చూడలేదని దిగులు పడకండి.

ఏ మెట్టు మీదైనా, చూసిన చోట ఏదో జరగాలి. మీరు వేలు చూపించిన వైపు వాడు తిరిగితే అక్కడ బూర ఉందనుకోండి, వెంటనే ఊది వదలండి. బంతి ఉంటే దొర్లించండి. తిరిగినా ఏమీ జరక్కపోతే రెండోసారి ఎందుకు తిరుగుతాడు? ఇది మరిచిపోయి 'గుడ్ లుకింగ్' అని చప్పట్లు కొట్టి, చిప్స్ చేతిలో పెడుతుంటారు. బహుమతి వస్తువు దగ్గర దొరకాలి, మీ చేతిలో కాదు. అలాగే పేరు పెట్టి పదే పదే పిలవకండి. రోజుకి వందసార్లు వినిపించే పేరు ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. పేరుతో పిలిచారంటే ఆ వెంటనే వాడికి ఇష్టమైనదేదో జరగాలి. అన్నం తినమనడానికీ, స్నానానికీ, మందుకీ వేరే మాట వాడండి.

తర్వాత వేలు తీసేసి తల, కళ్ళు. దీనికి రెండు గ్లాసుల ఆట బాగా పనికొస్తుంది. ఒకేలా ఉన్న రెండు ప్లాస్టిక్ గ్లాసులు బోర్లించి, వాటి మధ్య రెండడుగుల ఎడం ఉంచండి. మధ్యలో తువ్వాలు అడ్డుపెట్టి, వాడికి ఇష్టమైన చిన్న వస్తువు, కారు బొమ్మో బెల్లం ముక్కో, ఒకదాని కింద పెట్టండి. స్టీలు గ్లాసు వద్దు, పెట్టేటప్పుడు చప్పుడు గుట్టు విప్పేస్తుంది. తువ్వాలు తీసి, వాడు మీ వైపు ఒక్క క్షణం చూసేదాకా ఆగండి, పిలవద్దు. ఎంతకీ చూడకపోతే గొంతుతో 'హా!' అని చిన్నగా ఊపిరి లాగండి, సాధారణంగా తలెత్తుతాడు. అప్పుడు తలా కళ్ళూ కలిపి సరైన గ్లాసు వైపు తిప్పి, అక్కడే చూస్తూ ఉండిపోండి. పది లెక్కపెట్టండి. సరైనది ఎత్తితే వస్తువు వాడిదే. తప్పుది ఎత్తితే ఖాళీగా ఉందని చూడనివ్వండి, 'అయ్యో' అని ముఖం పెట్టి, రెండో దానివైపు తల తిప్పి, వేలు ఆనించి చూపించండి. ఓడిపోయినట్టు అనిపించకూడదు.

ఈ ఆటలో మోసపోయేది ఎక్కువగా పెద్దవాళ్ళే. రెండే గ్లాసులున్నప్పుడు కళ్ళు మూసుకుని ఎత్తినా పదింట్లో ఐదు సరిపోతాయి. పదికి ఆరు వచ్చాయని 'నేర్చేసుకున్నాడు' అనుకోకండి. ఎనిమిది వచ్చినా ఒక్కరోజుది అదృష్టం కావచ్చు, వరసగా మూడు రోజులు ఎనిమిదికి తగ్గకుండా వస్తే నిజం. ఇంకో మోసం, కుడి ఎడమ కుడి ఎడమ అని వరసగా పెట్టడం. ఆటిజం పిల్లల్లో చాలామంది వరసలు పట్టడంలో దిట్టలు, మీ మొహం చూడకుండానే వరస చూసి ఎత్తేస్తారు. పది చీటీల మీద ఐదు 'కు', ఐదు 'ఎ' రాసి కలిపి, ఏది వస్తే అటు పెట్టండి. మీ భుజం, నడుము సరైన గ్లాసు వైపు వాలకుండా చూసుకోండి, వీడియోలో చూస్తే తప్ప ఈ తప్పు మనకి తెలియదు. తల తిప్పితే బాగా వస్తోందనుకున్నాక, తల సగం తిప్పి కళ్ళు పూర్తిగా తిప్పండి. చివరికి తల కదలకుండా కళ్ళు ఒక్కటే. మామూలు పిల్లలకి కూడా ముందు అర్థమయ్యేది తల తిరగడమే, కళ్ళు మాత్రమే తిప్పితే పట్టుకోవడం ఏడాదిన్నర దగ్గర్లో వస్తుంది. బాబుకి ఈ ఆఖరి మెట్టుకి నెలలు పట్టవచ్చు. ఇంత పని ఎందుకంటే, కోనీ కసారీ అనే పరిశోధకురాలి బృందం 2006లో వేసిన పరిశోధనలో 3, 4 ఏళ్ళ పిల్లలు 58 మంది ఉన్నారు. కొందరికి రోజుకి అరగంట చొప్పున ఐదారు వారాలు జాయింట్ అటెన్షన్ మీద, కొందరికి ఊహతో ఆడే ఆటల మీద పనిచేశారు. ఏడాది తర్వాత చూస్తే ఈ రెండు గుంపుల పిల్లలకీ, అదనపు శిక్షణ లేని గుంపుకన్నా మాటలు బాగా పెరిగాయి.

మీ చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టడం గురించి. దాన్ని మానిపించకండి, అది అడగటమే. డబ్బా మూత మీద మీ చెయ్యి పెట్టాక, తియ్యకుండా ఒక మూడు సెకన్లు ఊరుకోండి. ఏమైందా అని చూపు మీ మొహం వైపు రెపరెపలాడినా సరే, 'తియ్యి' అని మీరే పలికి, చటుక్కున తీసెయ్యండి. చూడకపోయినా తీసెయ్యండి. ఆకలేసినవాణ్ణి చూపు కోసం ఏడిపించకూడదు. చూస్తే ఇంకాస్త తొందరగా వస్తుందని వాడికే తెలుస్తుంది.

గుడ్లురమడం మన ఇళ్ళలో సగం క్రమశిక్షణ. చుట్టాల ముందు నోరెత్తకుండా ఒక్క చూపుతో పిల్లల్ని కూర్చోబెట్టే తల్లులున్నారు. అది పనిచెయ్యాలంటే, పిల్లాడు కళ్ళ వైపు చూడాలి, ఆ పెద్దకళ్ళ వెనక కోపం ఉందని తెలియాలి, ఆ కోపం తన పని మీదేనని తెలియాలి. ఇన్నీ ఒక్క క్షణంలో జరగాలి. బాబుకి ఇంతలేసి కళ్ళు, బిగుసుకున్న మొహం ఒక తమాషాలా కనిపిస్తుంది, అందుకే నవ్వు. మొండితనం కాదని అత్తగారికి ఈ మాటే చెప్పండి. ఆపాలనుకున్నప్పుడు దగ్గరకి వెళ్ళి, ఏం చెయ్యాలో రెండు మాటల్లో చెప్పండి, 'చెయ్యి కింద', 'కుర్చీ దిగు'. చెబుతూనే చేతితో సాయం చెయ్యండి. 'వద్దు' కన్నా 'ఇది చెయ్యి' త్వరగా ఎక్కుతుంది. అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో పంపిస్తుంటే టీచరుకీ చెప్పాలి. కనుసైగతో 'అది తీసుకో' అంటే వీడు తీసుకోడు, వస్తువు పేరు చెప్పి తట్టి చూపించమనండి.

ఇంకొకటి, అడిగిన ప్రశ్నకి జవాబు ఆలోచిస్తూ బాబు చూపు పక్కకి తిప్పితే దాన్ని ఆపకండి. గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ పరిశోధనల్లో తేలిందేమంటే, కష్టమైన ప్రశ్నకి ఆలోచించేటప్పుడు పిల్లలందరూ, ఆటిజం ఉన్నవాళ్ళతో సహా, ఎదుటి మొహం నుంచి చూపు తప్పిస్తారు. మొహంలో సమాచారం ఎక్కువ, దాన్ని చూస్తూ లెక్క చెయ్యడం కష్టం. మీరు 'నన్ను చూసి చెప్పు' అన్నారంటే జవాబు పోతుంది. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడటం మన పల్లెల్లో అంత మంచి మర్యాద కూడా కాదని గుర్తుచేసుకోండి.

ఫోన్ వల్ల వచ్చిందా అని అడిగారు. రాలేదు. వారెన్ జోన్స్, అమీ క్లిన్ 2013లో చూపించినది, తర్వాత ఆటిజం అని తేలిన పసిపిల్లల్లో కళ్ళవైపు చూడటం రెండో నెలలో మామూలుగానే ఉండి, 2 నుంచి 6 నెలల మధ్య నెమ్మదిగా తగ్గుతూ వచ్చిందని. అది చూపుని పట్టే యంత్రాలతో కొలిచిన సన్నని తేడా, కంటితో ఎవరూ పట్టలేరు. ఫోన్ చేతికొచ్చేనాటికే దారి మొదలైపోయింది. 'వర్చువల్ ఆటిజం' అని యూట్యూబులో వినిపించే పేరు ఏ వైద్యుల పట్టికలోనూ లేదు. అయితే ఫోన్ తగ్గించాల్సిన కారణం వేరే ఉంది. ఫోన్‌లోని మొహం వీడు చూసినవైపు చూడదు, వీడు చూసినదానికి పేరు చెప్పదు. రోజులో మీరు పట్టుకోగలిగిన చూపులన్నీ అది మింగేస్తుంది.

థెరపిస్టుతో గొడవ పెట్టుకోవద్దు. 'లుక్ ఎట్ మి బదులు జాయింట్ అటెన్షన్ లక్ష్యం రాయండి, మూడు నెలలకి ఎక్కడిదాకా రావాలో కాగితం మీద పెట్టండి' అని అడగండి. వాళ్ళు మారనంటే, జిల్లా ఆసుపత్రుల్లో ఆర్బీఎస్కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీ కేంద్రాల్లో, అంటే ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించి సాయపడే చోట్ల, ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, అక్కడ ఓసారి పూర్తి పరీక్ష చేయించి ఇంటి కార్యక్రమం రాయించుకోవచ్చు.

ఇక చిన్నపాప. ఇంట్లో ఒక బిడ్డకి ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం ఐదుగురిలో ఒకరికి దగ్గరగా ఉంటుంది, ఆడపిల్లల్లో అంతకన్నా తక్కువ. 10 నెలల పాపతో మీరు చూసుకోదగ్గది ఇంతే. ఎదురుగా మీటరు దూరంలో కూర్చుని, పాప మీ మొహంలోకి చూసినప్పుడు నవ్వి, వేలు ఎత్తకుండా, పక్కన ఉన్న బొమ్మ వైపు తలా కళ్ళూ కలిపి తిప్పి ఐదు సెకన్లు ఆగండి. కుడికి రెండుసార్లు, ఎడమకి రెండుసార్లు. ఒకటి రెండుసార్లయినా పాప అటు తిరిగితే మంచిది. ఇవాళ తిరక్కపోతే వారం ఆగి మళ్ళీ చూడండి, నిద్రొచ్చినా పళ్ళొస్తున్నా ఈ వయసు పిల్లలు పట్టించుకోరు. ఏడాది నిండేసరికి పేరు పిలిస్తే తిరగడం, 14 నెలలకల్లా వేలితో చూపించడం కనిపించకపోతే అప్పుడే డాక్టరుకి చూపించండి. 16 నెలలు నిండాక ఎంచాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పట్టిక నింపించండి, పిల్లల డాక్టరు దగ్గర దొరుకుతుంది. అందులో 16వ ప్రశ్న సరిగ్గా ఇదే, మీరు తల తిప్పి దేన్నైనా చూస్తే బిడ్డ కూడా అటు చూస్తుందా అని. మొత్తం మీద 2 వరకు వస్తే నిశ్చింత, 3 నుంచి 7 వస్తే డాక్టరు ఆ ప్రశ్నల్నే ఇంకాస్త వివరంగా మళ్ళీ అడగాలి, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నేరుగా పరీక్షకి వెళ్ళాలి. పాపని అన్నయ్య ఆటల్లో కూర్చోబెట్టుకోండి, గ్లాసుల ఆటలో ముందు పాప వంతు, తర్వాత బాబు వంతు.